అనంతపురంలో "అబ్రాడ్ ఇంగ్లీష్ టీచర్" కోచింగ్: క్లాసుకి నాలుగు స్టార్లు, ప్లేస్‌మెంట్‌కి ఒకటి

ముందే చెప్పేస్తాండా, సెంటర్ పేరు రాయడం లేదు. టవర్‌క్లాక్ నుంచి నడిచిపోయేంత దూరం, కింద మెడికల్ షాపు, పక్క సందులోంచి మెట్లెక్కి పైకి పోవాల. బయట ఫ్లెక్సీలో ఒక తెల్లమ్మాయి గ్లోబు పట్టుకోని నవ్వుతా ఉంటుంది, దాని కింద "120 గంటల టెసాల్ సర్టిఫికెట్, 100% ప్లేస్‌మెంట్, వయసుతో పనిలేదు" అని పెద్ద పెద్ద అక్షరాలు. టెసాల్ అంటే ఇంగ్లీష్ రానోళ్లకి ఇంగ్లీష్ ఎట్ల చెప్పాలో నేర్పే కోర్సు. అనంతపురం వాళ్లకి ఈపాటికి అర్థమైపోయింటుంది. ఈ మధ్య మా స్కూలు వాళ్లే కాదు, కర్నూలు నుంచి, కడప నుంచి కూడా తెలిసిన టీచర్లు "అక్కా నువ్వు చేరినావంట కదా, ఎట్లుంది, మేమూ చేరొచ్చా" అని ఒకటే మెసేజీలు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే ఒకేసారి ఇట్ల రాస్తాండా, కొంచెం పొడుగైతాది, ఓపికుంటే చదవండి.

నా సంగతి రెండు ముక్కల్లో. ప్రైవేట్ స్కూల్లో ఇంగ్లీష్ చెప్తా, హైస్కూల్ సెక్షన్. ఆర్ట్స్ కాలేజీలో బీఏ, తర్వాత బీఈడీ, ఉద్యోగం చేసుకుంటా డిస్టెన్స్‌లో ఎంఏ ఇంగ్లీష్. పదో తరగతి దాకా జెడ్పీ హైస్కూల్, తెలుగు మీడియం. కాగితాల్లో వయసు 46. ఈ లైన్లో ఉన్న ప్రతి మాటా తర్వాత ఎక్కడో ఒకచోట అడ్డమొచ్చింది, అందుకే ఇంత వివరంగా రాసినా.

తొందరలో ఉన్నోళ్లకి: క్లాసు బాగుంది, కట్టిన దానికి న్యాయం జరిగింది. ప్లేస్‌మెంట్ మాత్రం వద్దు. ఎందుకంటే బయట దేశంలో మనకి ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం వస్తుందా రాదా అని తేల్చేది మన పాస్‌పోర్టు, మన డిగ్రీ రెగ్యులర్‌లో చేసినామా డిస్టెన్స్‌లో చేసినామా, మన పుట్టిన తేదీ, ముఖ్యంగా ఈ మూడే. ఈ మూడింట్లో ఏదీ ఆ 120 గంటల కాగితంతో మారదు. ఆ సంగతి డబ్బు కట్టకముందు ఎవరూ చెప్పరు, కట్టినాక మాత్రం ఒక్కోటీ బయటికొస్తాది.

ఇప్పుడు క్లాసు గురించి. ఫీజు 18 వేలు, రెండు వాయిదాల్లో కట్టొచ్చు, రసీదు అడక్కుండానే ఇస్తారు, అది మెచ్చుకోవాల. సాయంత్రం బ్యాచ్ 6 నుంచి 8, మన స్కూలు అయిపోయి ఇంటికి పోయి రాత్రికి ఇంత వండి పెట్టి రావొచ్చు. ఆదివారం పొద్దున డెమోలు. ఏసీ ఉంది గాని ఏప్రిల్లో మన ఊరి ఎండకి అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. బండి పెట్టుకోడానికి చోటు లేదు, మెడికల్ షాపాయన అరుస్తాడు, ఆటోలో పోవడం మేలు. ఆదివారం బ్యాచ్ వాళ్లు ఎదురుగా బండి మీద ఉగ్గాని బజ్జీ తినే పైకి పోండి, పదకొండు దాకా బ్రేక్ ఇవ్వరు.

ట్రైనర్ సార్ వియత్నాంలో కొన్నేళ్లు చెప్పి వచ్చినాయన. ఆయన మనకి ఇంగ్లీష్ నేర్పడు, ఇంగ్లీష్ ఎట్ల చెప్పాలో నేర్పుతాడు, ఈ రెండూ ఒకటే అనుకోని చేరేవాళ్లు చేరొద్దు. ఇంత సర్వీసున్న నాకు ఇంక ఏం నేర్పుతాడులే అని మనసులో ఉండనే ఉంది, అది మొదటి డెమోతోనే తీరింది. టాపిక్ "యూజ్డ్ టు". టైం పది నిమిషాలు. బ్యాచ్ వాళ్లందరూ తెలుగు రాని వియత్నాం పిల్లోళ్ల మాదిరి కూర్చోవాల. నేను మన పద్ధతిలో బోర్డు మీద "సబ్జెక్ట్ ప్లస్ యూజ్డ్ టు ప్లస్ వి వన్" అని రాసి, కింద గీత కొట్టి, రెండు ఉదాహరణలు చెప్పి, ఎవరి మొహంలోనూ కదలిక లేకపోయేసరికి అలవాటు కొద్దీ "అంటే ఒకప్పుడు చేసేవాళ్లం, ఇప్పుడు చేయం అని" తెలుగులో అనేసినా. అందరూ నవ్వినారు. సార్ వెనక బెంచీలో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోని కూర్చున్నాడు. అయిపోయినాక "మేడం, పది నిమిషాల్లో ఎనిమిదిన్నర నిమిషాలు మీరే మాట్లాడినారు, మిగతాది బోర్డు తుడవడానికి పోయింది, పిల్లోళ్లు ఎప్పుడు మాట్లాడాల?" అన్నాడు. కోపమొచ్చింది గాని ఎదురు చెప్పడానికి ఏం లేదు, టైం ఆయన చేతిలో కనపడతాంది.

తర్వాత అదే టాపిక్ ఆయన చేసినాడు. రెండు ఫోటోలు. ఒకదాంట్లో పాత టవర్‌క్లాక్, చుట్టూ జట్కాలు, సైకిళ్లు. ఇంకోదాంట్లో ఇప్పటి ఆటోల రద్దీ. రూల్ లేదు, గీత లేదు. పాత ఫోటో చూపించి "నౌ?" అంటాడు, మేము "నో". "బిఫోర్?" "యెస్". "వన్ డే? ఎవ్రీ డే?" "ఎవ్రీ డే". అప్పుడు ఒక్కసారి ఆ వాక్యం చెప్పి, మా చేత చెప్పించి, ఒక్కొక్కరి చిన్నప్పటి ఊరు గురించి మాట్లాడమన్నాడు. పది నిమిషాల్లో అందరూ రెండు మూడు వాక్యాలు మాట్లాడేసినారు, చివర్లో రూల్ మేమే చెప్పినాం. ఈ "ఇప్పుడుందా, అప్పుడుందా, ఒక్కసారేనా" అనే ప్రశ్నలకి వాళ్ల భాషలో సీసీక్యూలు అంటారు, అర్థమైందా అని అడిగితే పిల్లోళ్లు ఊరికే తలూపుతారు కాబట్టి అర్థమైతేనే జవాబు చెప్పగలిగే ప్రశ్న అడగాల. మరుసటి రోజే మా తొమ్మిదో క్లాసులో వాడినా, పని చేసింది. ఒక్క దీనికే నా 18 వేలు నాకు దక్కినట్టే.

ఉచ్చారణ మీద కూడా బాగా కష్టపెడతాడు. మనకి "జూ", "జీరో" రెండూ మన "జ"తోనే వస్తాయి కదా, గొంతు మీద వేళ్లు పెట్టుకోని తేనెటీగ మాదిరి శబ్దం చేయమంటాడు, ఆ గదిలో నడివయసు వాళ్లందరూ గొంతు పట్టుకోని "జ్జ్జ్" అంటాంటే కిందనుంచి మెడికల్ షాపాయన పైకొచ్చి చూసిపోయినాడు. "బుక్కు", "బస్సు" అని చివర "ఉ" తగిలించడం మాత్రం నాకు ఇంకా పూర్తిగా పోలేదు.

క్లాసులో లోటు ఏందంటే, డెమోలన్నీ మాలో మేమే. నిజంగా ఇంగ్లీష్ రాని పిల్లోళ్లకి చెప్పే అవకాశం ఒక్కసారి కూడా లేదు. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా అనే కోర్సు ఉంటుంది, అది కూడా దాదాపు 120 గంటలే, కాకపోతే దాంట్లో నిజమైన విద్యార్థులకి 6 గంటలు పాఠం చెప్పాల, ట్రైనర్లు వెనక కూర్చోని చూసి అంచనా వేస్తారు. ట్రినిటీ వాళ్ల సర్ట్ టెసాల్‌లో కూడా 6 గంటలుంటుంది. ఆ రెండూ ఇంగ్లండ్‌లో ఆఫ్‌క్వాల్ అనే ప్రభుత్వ సంస్థ రిజిస్టర్లో లెవెల్ 5 కింద ఉంటాయి, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. మాకిచ్చిన సర్టిఫికెట్ మీద బంగారు రంగు సీలు, నాలుగు లోగోలు, "ఇంటర్నేషనల్లీ అక్రెడిటెడ్" అని ఉంది. ఎవరు అక్రెడిట్ చేసినారు, ఆ రిజిస్టర్లో ఉందా అని ఆఫీసులో అడిగితే "ఉంటుంది మేడం" అన్నారు. వెతికినా, లేదు. టెసాల్, దాని మాదిరిదే టెఫిల్, ఈ పేర్లు ఎవరి సొత్తూ కాదు, ప్రింటర్ ఉన్నోళ్లెవరైనా కొట్టి ఇవ్వొచ్చు. చిన్న లాంగ్వేజ్ సెంటర్లు 120 గంటలు అనే అంకె చూసి సరిపెట్టుకుంటాయి, పేరున్న స్కూళ్లు సెల్టా ఉందా అంటాయి. సెల్టా ఖర్చు లక్ష దాటుతుంది, నా జీతానికి అది మాట్లాడుకోనే పని లేదు. మన దగ్గరే కావాలంటే హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది, ఇంగ్లీష్ టీచర్ల కోసం పీజీసీటీఈ అని దూరవిద్యలో నడుపుతా వచ్చింది. అది యూనివర్సిటీ సీలున్న కాగితం. మా సెంటర్ వాళ్లు దాని పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఎందుకెత్తుతారులే.

ఇప్పుడు అసలు కథ, ప్లేస్‌మెంట్ గది. వేరే గది అది, దాంట్లో మాత్రం ఏసీ బాగా పని చేస్తాది. గోడ నిండా ప్రపంచ పటం, దేశాల మీద చిన్న జెండా పిన్నులు. కౌన్సెలర్ అమ్మాయి మంచిదే, మర్యాదగా మాట్లాడుతుంది, కాకపోతే ఆమె కూడా బెంగుళూరు దాటి పోలేదు. కూర్చోగానే ఏం చదివినారు, ఎన్నేళ్ల నుంచి చెప్తున్నారు అని అడుగుతుందేమో అనుకున్నా. మొదటి ప్రశ్న "మేడం, డేట్ ఆఫ్ బర్త్?" బయట ఫ్లెక్సీలో వయసుతో పనిలేదు అని ఉంది కదమ్మా అంటే నవ్వి "ఊరికే ఫారంలో నింపడానికి మేడం" అంది.

పటం మీద అందరికంటే పెద్ద జెండా కొరియాది. నిజమేందంటే, కొరియాలో ఇంగ్లీష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పాస్‌పోర్టులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకొచ్చిన ఇండియా-కొరియా వాణిజ్య ఒప్పందం కింద మన టీచర్లు ఇంగ్లీష్ అసిస్టెంట్లుగా పోయే దారి ఒకటి కాగితం మీద ఉంది, దానికి డిగ్రీతోపాటు టీచర్ క్వాలిఫికేషన్ కావాల. కానీ ప్రభుత్వ బడుల్లోకి టీచర్లని తీసుకునే పెద్ద ప్రోగ్రాం ఈపీఐకే చూసేది ఆ ఏడు దేశాల వాళ్లనే. వయసు అక్కడ 62 దాకా పర్వాలేదు, అంటే నా 46 సమస్యే కాదు, నా పాస్‌పోర్టే సమస్య. ఈ మాట నేను చెప్పేదాకా ఆ అమ్మాయికి తెలీదు, తెలిసినా చెప్పొద్దన్నారో ఏమో.

చైనా కూడా ఇంచుమించు ఇదే, పుట్టుకతో ఇంగ్లీష్ మాట్లాడే దేశాల వాళ్లకే మొదటి పీట, వయసు 60 గీత. పైగా 2021లో చైనా ప్రభుత్వం ట్యూషన్ కంపెనీల మీద ఆంక్షలు పెట్టినాక ఆ మార్కెట్ కూలిపోయింది, మా సెంటర్ పటంలో మాత్రం జెండా అట్లనే ఉంది.

జపాన్‌ది ఇంకో రకం. అక్కడ బడుల్లో భాష చెప్పే టీచర్ వీసాకి ఆ భాషలో 12 ఏళ్లు చదివుండాల అని షరతు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మన జిల్లాల్లో నా వయసు టీచర్లు సగానికి పైగా జెడ్పీ హైస్కూళ్ల నుంచి వచ్చినోళ్లే. ఇంగ్లీష్ ఎంఏ ఉన్నా ఆ 12 ఏళ్లు యాడ నుంచి తెస్తాం? ఇప్పటి పిల్లోళ్లు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి వాళ్లకి ఈ గొడవ లేదు.

బ్రిటన్ సంగతి వింటే మా స్టాఫ్‌రూంలో అందరూ నవ్వినారు. 2023 నుంచి ఇంగ్లండ్ వాళ్లు ఇండియా టీచర్లకి క్యూటీఎస్ అనే అర్హతకి నేరుగా అప్లై చేసుకునే వీలు ఇచ్చినారు, కాకపోతే మ్యాథ్స్, సైన్స్, విదేశీ భాషలు చెప్పేవాళ్లకే. ఇంగ్లీష్ సబ్జెక్ట్ లేదు. అంటే "హి డోంట్ కం" అనే మా మ్యాథ్స్ సార్‌కి లండన్ దారి ఉంది, ఆ వాక్యం దిద్దే నాకు లేదు. న్యాయమే అనుకోండి, వాళ్ల ఊర్లో వాళ్లకి ఇంగ్లీష్ చెప్పడానికి మనమెందుకు.

ఇవన్నీ తీసేస్తే మిగిలేవి థాయిలాండ్, వియత్నాం, గల్ఫ్‌లో ఇండియన్ స్కూళ్లు, మాల్దీవులు. థాయిలాండ్‌లో మన లాంటి వాళ్లని టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 600 గాని దానికి సమానమైన ఐఈఎల్‌టీఎస్ గాని అడుగుతారు, బడిలో చెప్పాలంటే అక్కడి టీచర్స్ కౌన్సిల్ లైసెన్సో, తాత్కాలిక అనుమతో ఉండాల, బీఈడీ ఉన్నోళ్లకి ఇక్కడ కొంచెం మేలు. శానా స్కూళ్లు 60కి ఆపేస్తాయి. వియత్నాంలో డిగ్రీ, టెఫిల్, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ ఉంటే వర్క్ పర్మిట్‌కి పెడతారు, మనవాళ్లని ఐఈఎల్‌టీఎస్ కూడా అడుగుతారు. మా బ్యాచ్‌లో బీటెక్ పిల్లోడు ఒకడు, ఇరవై నాలుగేళ్లుంటాయి, బెంగుళూరు పోయి ఐఈఎల్‌టీఎస్ రాసొచ్చినాడు, దాని ఫీజే పదిహేడు పద్దెనిమిది వేలు, స్కోరు రెండేళ్లే చెల్లుతాది. వాడికి హనోయి నుంచి ఆఫర్ వచ్చింది. సెంటర్ వాళ్లు వాడి ఫోటో గోడకి కొట్టినారు "మా ప్లేస్‌మెంట్" అని. వాడు చెప్పినదేందంటే, తనే నేరుగా అక్కడి సెంటర్లకి మెయిళ్లు పెట్టి, వీడియో కాల్‌లో డెమో ఇచ్చి తెచ్చుకున్నాడంట. డెమో మాత్రం మా సార్ నేర్పిన పద్ధతిలోనే ఇచ్చినాడు, ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే.

వయసు దగ్గరికొస్తాం. నా రెజ్యూమె ఆ అమ్మాయి కొత్తగా చేసిచ్చింది, చూస్తే పుట్టిన తేదీ లేదు, డిగ్రీ పాసైన సంవత్సరం లేదు, అనుభవం "10 ప్లస్" అయింది. "ఫోటో కొంచెం యంగ్‌గా ఉండేది ఏదైనా ఉందా మేడం, పాతదైనా పర్వాలేదు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇంత సర్వీసు సంపాదించడానికే కదమ్మా ఈ వయసొచ్చింది, దాన్నే దాచిపెడితే ఇంక చూపించడానికి ఏముంది. అయినా రెజ్యూమెలో దాస్తే మాత్రం పాస్‌పోర్టులో ఉంటుంది కదా, వీడియో కాల్‌లో మొహం ఉంటుంది కదా.

పైగా నా కాగితం వయసే తప్పు. నాకు నిజంగా 44. బళ్లో చేర్చేటప్పుడు అప్పటి హెడ్‌మాస్టర్ వయసు చాలదని రెండేళ్లు ముందుకి జరిపి జూలై 1 అని రాసేసినాడు. మా తరంలో ఊర్లల్లో సగం మంది పుట్టినరోజు జూన్ 1, లేకుంటే జూలై 1, ఒకే రోజు ఇంతమంది పుట్టినారా అని పాస్‌పోర్టు ఆఫీసోళ్లకి అనుమానం రాలేదేమో. ఎస్‌ఎస్‌సీ మెమోలో ఏముంటే అదే పాస్‌పోర్టులోకి వస్తాది, అదే వీసాలోకి పోతాది, ఇప్పుడు మార్చాలంటే కోర్టుల చుట్టూ తిరగాల. గల్ఫ్ ఇండియన్ స్కూళ్ల యాడ్స్ నేను చూసినవాటిలో శానావరకు "45 లోపు" అని ఉంటుంది. నిజం వయసుకి అర్హత ఉంది, కాగితం వయసుకి లేదు. నా మాదిరి వాళ్లు ఎక్కడైనా ఫీజు కట్టకముందు మెమో తీసి తేదీ చూసుకోండి, అమ్మ చెప్పిన లెక్క పనికిరాదు.

బ్యాచ్‌లో ఇంకొకాయన రిటైర్డ్ గవర్నమెంట్ హెచ్‌ఎం. మన రాష్ట్రంలో 2022 నుంచి రిటైర్మెంట్ 62 కదా, ఆయన అది దాటినాకే చేరినాడు. ఆయన దగ్గర కూడా ప్లేస్‌మెంట్ ఫైల్ డబ్బులు తీసుకున్నారు, ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. 60, 62 గీతలు దాటిన మనిషికి ఏ దేశం పిన్ను చూపించి తీసుకున్నారు? ఆయన మాత్రం "ఊరికే ఇంట్లో కూర్చోలేక వచ్చినా తల్లీ, పోతే పోయింది" అంటాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ప్రెప్లీ అనే ట్యూషన్ సైట్లో చెప్పుకుంటున్నాడు, అక్కడ వయసు గొడవ, పాస్‌పోర్టు గొడవ లేదు. కొత్త విద్యార్థి మొదటి ట్రయల్ క్లాసు డబ్బు మొత్తం కంపెనీకే పోతాది, తర్వాత కమీషన్ 33% నుంచి మొదలై గంటలు పెరిగేకొద్దీ 18% దాకా తగ్గుతాది. ఆయన దగ్గర ఒక బ్రెజిల్ ఆమె నేర్చుకుంటాందంట, ఆమె పేరు పలకడం మాకు ఇప్పటికీ రాదు.

డిగ్రీల గురించి సెంటర్ వాళ్లు అడగాల్సింది అడగలేదు, నేను చెప్తా. ఒకటి, డిస్టెన్స్ డిగ్రీ. మనలో శానామంది ప్రైవేట్ టీచర్లు ఉద్యోగం చేసుకుంటా ఎంఏ డిస్టెన్స్‌లోనే చేసినాం. గల్ఫ్‌లో, ముఖ్యంగా కువైట్, యూఏఈ లాంటి చోట్ల, డిస్టెన్స్ డిగ్రీ దగ్గర ఇబ్బంది పెడతారు, రెగ్యులర్‌గా చదివినట్టు యూనివర్సిటీ లెటర్ అడుగుతారు. నేను అందుకే రెగ్యులర్ బీఏ, బీఈడీ ముందు పెట్టి ఎంఏ వెనక పెడతా. రెండోది, ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ. పాసైనప్పుడు పీసీ (ప్రొవిజినల్ సర్టిఫికెట్), మార్కుల మెమోలు తీసుకోని బీరువాలో పెట్టేసి ఓడీ తీసుకోనోళ్లు ఎంతమందో. బయటికి పోవాలంటే పీసీ చాలదు, ఓడీనే కావాల. మాకైతే ఇటుకలపల్లి దాకా ఎస్కే యూనివర్సిటీకి పోవాల, ఫీజు కట్టి, అప్లికేషన్ పెట్టి ఎదురుచూడాల. ఉద్యోగం వచ్చినాక చూద్దాం అనుకుంటే అవతలోళ్లు ఆగరు.

అటెస్టేషన్, అంటే సర్టిఫికెట్ల మీద ప్రభుత్వ ముద్రలు వేయించడం, దాని గురించి సెంటర్లో "అంతా మేమే చూసుకుంటాం, 25 వేలు ప్యాకేజీ" అన్నారు. దాంట్లో ఏముందంటే, ముందు రాష్ట్రం వాళ్ల ముద్ర, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖది. అపోస్టిల్ అంటే ఒక ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ ఒప్పుకునే ముద్ర, ఇండియా 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉంది, అపోస్టిల్‌కి ప్రభుత్వం తీసుకునేది కాగితానికి 50 రూపాయలు, పైన ఏజెన్సీ సర్వీస్ చార్జీ, కొరియర్. ఒమన్, బహ్రెయిన్, 2022 చివర నుంచి సౌదీ కూడా ఆ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అపోస్టిల్‌తో అయిపోతాది. యూఏఈ, కువైట్ లేవు, వాటికి ఎంబసీ ముద్ర కూడా కావాల, ఖర్చు ఎక్కువ అక్కడే. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా సైట్లో మనమే పెట్టుకోవచ్చు, 500 రూపాయలు, దానికి కూడా వీళ్లు 3 వేలు రాసినారు.

ఇంక అన్నిటికంటే ముఖ్యమైనది. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపేవాళ్లకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాల, కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్లో పేరు, నంబరు కనపడతాయి. వాళ్లు మన దగ్గర తీసుకోగలిగే సర్వీస్ చార్జీ ఎక్కువలో ఎక్కువ 30,000, పైన జీఎస్టీ. వీళ్లు చెప్పిన లెక్క: ఫైల్ ఓపెనింగ్ 5 వేలు, రిజిస్ట్రేషన్ 40 వేలు, ఆఫర్ వచ్చినాక ఒక నెల జీతం. లైసెన్స్ నంబరు చెప్పమ్మా అంటే ఆ అమ్మాయి లోపలికి పోయి ఓనర్‌ని పిలుచుకొచ్చింది. ఆయన "మేం రిక్రూట్‌మెంట్ చేయం మేడం, ఊరికే గైడెన్స్" అన్నాడు. మరి బయట 100% ప్లేస్‌మెంట్ అని ఎట్ల రాసినారు సార్ అంటే "అది మార్కెటింగ్ మేడం, మీకు తెలీనిదేముంది" అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు, టూరిస్ట్ వీసా మీద థాయిలాండ్ పోయి అక్కడ స్కూలు దొరికినాక మార్చుకోవచ్చంట, "అందరూ అట్లే పోతాండారు". టూరిస్ట్ వీసా మీద పని చేయడం నేరం, పట్టుకుంటే పంపించేస్తారు. విజిట్ వీసా మీద గల్ఫ్ పోయి ఇరుక్కున్నోళ్ల కథలు రాయచోటి, రాజంపేట వైపు వాళ్లని అడగండి, గంటలు గంటలు చెప్తారు. ఆ పక్కనుంచి వచ్చిన అమ్మాయి ఒకామె మా బ్యాచ్‌లోనే ఉంది, వాళ్లమ్మ కువైట్‌లో ఇళ్లల్లో పని చేసి ఈ పిల్లని చదివించింది, ఆ మాట వినగానే బ్యాగు తీసుకోని లేచిపోయింది. నేను 40 వేలు కట్టలేదు.

ఎవరు చేరొచ్చు అంటే, ఇక్కడే ఉండి బాగా చెప్పాలనుకునే టీచర్లు కళ్లు మూసుకోని చేరండి, సాయంత్రం బ్యాచ్ తీసుకోండి, పొద్దున బ్యాచ్ వేరే సార్ అంట. ఆన్‌లైన్‌లో చెప్పాలనుకునే వాళ్లకీ ఉపయోగమే. ముప్పై లోపు వయసు, రెగ్యులర్ డిగ్రీ, ఇంగ్లీష్ మీడియం ఉన్నోళ్లు క్లాసు వరకు చేరి, ఉద్యోగాలు మీరే వెతుక్కోండి, ఆ బీటెక్ పిల్లోడి మాదిరి. నలభై దాటి బీఈడీ, అనుభవం ఉన్నోళ్లు కొరియా, జపాన్ జెండాలు చూడొద్దు. మాల్దీవుల బడుల్లో మన ఇండియా టీచర్లు ఎప్పట్నుంచో ఉన్నారు, అక్కడ బీఈడీకి, అనుభవానికి విలువ ఉంది, నేను కూడా ఇప్పుడు ఆ నోటిఫికేషన్లే చూసి నేరుగా పెట్టుకుంటున్నా, మధ్యలో ఎవరూ లేకుండా. మా ఆయన "దీవిలో పప్పు దొరుకుతుందా" అని దిగులు పడతాండాడు, ఆ సంగతి తర్వాత.

ఫైల్ ఓపెనింగ్ 5 వేలు "రీఫండబుల్" అని రసీదు మీద వాళ్లే రాసిచ్చినారు. ఇంకా ఇవ్వలేదు, అడిగినప్పుడల్లా అకౌంటెంట్ ఊర్లో లేడు అంటారు. రసీదు నా దగ్గరే ఉంది. డబ్బు వస్తే ప్లేస్‌మెంట్‌కి ఇచ్చిన ఒక్క స్టారు ఒకటిన్నర చేస్తా, అంతకంటే చేయను.